కాఫీ పేరంటానికి పిలిచిందెవరు?

లాబీయింగ్ అనే మాట వినగానే మన కళ్ల ముందు ఢిల్లీ కదులుతుంది. మంత్రుల బంగళాలు, సూటు వేసుకున్న పెద్దమనుషులు, మూసిన తలుపులు, చేతులు మారే ఫైళ్లు. మన వంటింటికీ దానికీ ఏం సంబంధం అనిపిస్తుంది. కానీ ఆరోగ్య బీమా విషయంలో అమెరికాలో జరిగిన ఒక పెద్ద లాబీయింగ్ మంత్రుల బంగళాల్లో జరగలేదు. మామూలు ఇళ్లలో, ముందు గదుల్లో, కాఫీ కప్పుల మధ్య జరిగింది. పిలిచినవాళ్లూ ఆడవాళ్లే, వచ్చినవాళ్లూ ఆడవాళ్లే. దానికి పెట్టిన పేరు కూడా 'ఆపరేషన్ కాఫీ కప్'.

ఆ సంగతి వివరంగా చెప్పుకోవాలి. ఆరోగ్య బీమా గురించి మన మనసులో ఉన్న అభిప్రాయాలు ఎక్కడ పుట్టాయో, ఎవరు పోస్తే మన కప్పులోకి వచ్చాయో తెలియాలంటే దానికి మించిన పాఠం నాకు కనిపించలేదు.

అది 1961వ సంవత్సరం. 65 ఏళ్లు దాటిన పెద్దవాళ్ల ఆస్పత్రి ఖర్చును ప్రభుత్వమే ఒక బీమాగా భరించాలని అమెరికా పార్లమెంటులో ఒక బిల్లు వచ్చింది. కింగ్-ఆండర్సన్ బిల్లు అనేవారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ జీతంలోంచి కొంచెం కట్టుకుంటే, ముసలితనంలో ఆస్పత్రి పాలైనప్పుడు అది ఆదుకుంటుందన్నమాట. డాక్టర్ల సంఘమైన అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌కి ఇది బొత్తిగా నచ్చలేదు. ప్రభుత్వం డబ్బు ఇస్తే, రేపు ఫీజులు కూడా ప్రభుత్వమే నిర్ణయిస్తుందని వాళ్ల భయం. అయితే డాక్టర్లే బయటికొచ్చి ఆ మాట అంటే ఎవరు వింటారు? తమ రాబడి కోసం అంటున్నారని అందరికీ తెలిసిపోతుంది. అందుకని ఆ పని తమ భార్యలకి అప్పజెప్పారు.

డాక్టర్ల భార్యలకి అప్పటికే ఒక అనుబంధ సంఘం ఉంది. ఆ సంఘంలోని వాళ్లకి ఒక గ్రామఫోన్ రికార్డు పంపారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లను కాఫీకి పిలవండి, కబుర్లయ్యాక ఈ రికార్డు పెట్టండి, తర్వాత అందరి చేతా పార్లమెంటు సభ్యులకు ఉత్తరాలు రాయించండి అని చెప్పారు. మన పేరంటం లాంటిదే అనుకోండి. పసుపూ కుంకుమా లేవు, వాటి స్థానంలో కాగితమూ కలమూ ఉన్నాయి.

రికార్డులో మాట్లాడింది రోనాల్డ్ రీగన్. అప్పటికింకా ఆయన రాజకీయ నాయకుడు కాదు. సినిమా నటుడు, ప్రతివారం టీవీలో కనిపించే మనిషి. గొంతు మెత్తగా, ఇంట్లో పెద్దన్న మాట్లాడినట్టు ఉంటుంది. ఈ బిల్లు ముసలివాళ్ల కోసమని చెప్తున్నారు గానీ ఇది సోషలిజానికి మొదటి మెట్టు, ఇవాళ ముసలివాళ్లు, రేపు అందరూ, ఎల్లుండి డాక్టరు ఏ ఊళ్లో పనిచెయ్యాలో కూడా ప్రభుత్వమే చెప్తుంది అని హెచ్చరించాడు. ఇప్పుడు గనక అడ్డుకోకపోతే, ఒకప్పుడు మనుషులు స్వేచ్ఛగా ఉండేవారని ముసలితనంలో మన పిల్లలకీ, మనవలకీ కథగా చెప్పుకోవాల్సి వస్తుందన్నాడు. పిల్లలూ మనవలూ అన్నాక ఏ తల్లి మనసు కదలదు?

ఇందులో నన్ను అన్నిటికన్నా ఆలోచనలో పడేసింది ఉత్తరాల సంగతి. అచ్చు వేసిన కాగితం మీద సంతకాలు పెట్టి పంపడం కాదు. ఎవరి ఉత్తరం వాళ్లే, సొంత దస్తూరీతో, సొంత మాటల్లో రాయాలి. ఒకరు చెబితే రాసినట్టు కనిపించకూడదు. పార్లమెంటు సభ్యుడు ఉదయం టపా విప్పితే ఆయనకు డాక్టర్ల సంఘం కనిపించదు. ఎక్కడో తన ఊళ్లో ఉన్న ఒక ఇల్లాలు, ఆవిడ చేతిరాత, ఆవిడ బెంగ కనిపిస్తాయి. ఇలాంటివి సంచుల కొద్దీ వస్తే, జనం అభిప్రాయం ఇదేనని ఆయన అనుకోడా? డ్రూ పియర్సన్ అనే పత్రికా రచయిత ఆ సంవత్సరమే ఈ గుట్టు తన కాలమ్‌లో బయటపెట్టాడు. కానీ మాట అప్పటికే జనంలోకి వెళ్లిపోయింది. 1962 జులైలో సెనేట్‌లో ఆ ప్రతిపాదన 52-48 తేడాతో వీగిపోయింది. ఒక్క కాఫీ వల్లే ఓడిందని నేను అనను. అందులో ఇంకా చాలా రాజకీయాలున్నాయి. కానీ కాఫీ కూడా తన పని తాను చేసింది.

ఆ ఆడవాళ్లు అబద్ధాలకోర్లు కారు. ఆ మాట కూడా గట్టిగా చెప్పాలి. చాలామంది నిజంగానే నమ్మి రాసి ఉంటారు. పొరుగింటావిడ పిలిచింది, కాఫీ ఇచ్చింది, మర్యాదస్తురాలు, భర్త డాక్టరు, ఆవిడకు తెలియకుండా ఉంటుందా అనుకుని ఉంటారు. ఈ రకం లాబీయింగ్ బలమంతా అక్కడే ఉంది. అబద్ధం చెప్పడానికి అబద్ధాలకోరును పంపరు. మనం నమ్మే మనిషి నోట పెడతారు. ఆ మనిషికి కూడా తెలియనివ్వరు.

ఈ విద్య 1961లో పుట్టింది కాదు. దీనికి పునాది వేసింది ఒక మొగుడూ పెళ్లాం. క్లెమ్ విటేకర్, లియోన్ బాక్స్‌టర్. 1933లో కాలిఫోర్నియాలో వాళ్లు ఒక కంపెనీ పెట్టారు. ఎన్నికల ప్రచారాన్నే వ్యాపారంగా చేసిన మొదటి కంపెనీ అని దాన్ని చెప్తారు. 1945 నవంబరులో ప్రెసిడెంట్ ట్రూమన్ దేశమంతటికీ ఆరోగ్య బీమా కావాలన్నాడు. 1948లో ఆయన గెలిచేసరికి డాక్టర్ల సంఘానికి గాభరా పుట్టింది. ఒక్కో సభ్యుడి దగ్గర 25 డాలర్లు వసూలు చేసి, ఈ జంటకు పని అప్పగించింది.

వాళ్లు చేసిన మొదటి పని పేరు మార్చడం. ట్రూమన్ అన్నది ఆరోగ్య బీమా. వీళ్లు దాన్ని 'సోషలైజ్డ్ మెడిసిన్' అన్నారు. రష్యా అంటేనే ఉలిక్కిపడే రోజులవి. పిచ్చికుక్క అని ముద్ర వేసి చంపినట్టు అని మనవాళ్లంటారు చూడండి, అచ్చం అలాగే. సోషలైజ్డ్ మెడిసినే సోషలిస్టు రాజ్యానికి మూలస్తంభం అని లెనిన్ అన్నట్టు ఒక మాట కూడా ప్రచార పత్రాల్లో వేశారు. అమెరికాలోకెల్లా పెద్ద గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు వెతికినా ఆ మాట లెనిన్ రచనల్లో దొరకలేదు.

ఇంకో పని బొమ్మ. 1891లో ల్యూక్ ఫైల్డ్స్ అనే చిత్రకారుడు 'ది డాక్టర్' అనే బొమ్మ వేశాడు. ఒక పేదవాడి గుడిసె. రెండు కుర్చీలు కలిపి వేసిన పక్క మీద జబ్బు పడ్డ బిడ్డ. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆ బిడ్డనే చూస్తున్న డాక్టరు. వెనక చీకట్లో తల్లి బల్ల మీద తల వాల్చేసి ఉంటుంది. ఆ బొమ్మకు, ఇందులోకి రాజకీయాలను రానివ్వకండి అనే అర్థం వచ్చే మాట జతచేసి డాక్టర్ల వెయిటింగ్ గదుల్లో తగిలించారు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని వంతు కోసం కూర్చున్న తల్లికి ఎదురుగా ఆ బొమ్మ. ఆ తల్లికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. బొమ్మలోని డాక్టరు ఫీజు ఎంతో, ఆ గుడిసెలోని తండ్రి అది ఎలా కట్టాడో మాత్రం బొమ్మలో ఉండదు. ఆరోగ్య బీమా అడిగేది సరిగ్గా ఆ ప్రశ్ననే కదా!

ట్రూమన్ ప్రతిపాదన ముందుకు సాగలేదు. చివరికి 1965లో పెద్దవాళ్ల బీమా మెడికేర్ పేరుతో చట్టమైంది. జాన్సన్ దాని మీద సంతకం పెట్టడానికి ట్రూమన్ ఊరికే వెళ్లి, మొదటి కార్డు ఆ పెద్దాయన చేతికే ఇచ్చాడు. స్వేచ్ఛ పోతుందని భయపడ్డ తరమే తర్వాత ఆ కార్డు పర్సులో పెట్టుకుని తిరిగింది. ఆ రికార్డులో మాట్లాడిన రీగన్ ప్రెసిడెంట్ అయ్యాక, 1988లో మెడికేర్‌ను ఇంకా పెంచే చట్టం మీద తానే సంతకం పెట్టాడు.

కాలం మారింది. గ్రామఫోన్ పోయి టీవీ వచ్చింది. వంటిల్లు మాత్రం మారలేదు. 1993లో క్లింటన్ ప్రభుత్వం అందరికీ ఆరోగ్య బీమా అని ఒక పెద్ద ప్రణాళిక తెచ్చింది. ఆ బాధ్యత హిల్లరీ క్లింటన్ చూసింది. అప్పుడు టీవీలో ఒక ప్రకటన మొదలైంది. హ్యారీ, లూయిస్ అనే భార్యాభర్తలు. నడివయసు వాళ్లు, మనలాంటి వాళ్లు. వంటింటి బల్ల దగ్గర కాగితాలూ బిల్లులూ ముందేసుకుని కూర్చుంటారు. ఇదివరకు మన పాలసీలో ఇది ఉండేది కదా, ఇప్పుడు ఉండదట అని ఆవిడ దిగులుగా అంటుంది. ప్రభుత్వం ఎంపిక చేసిన వాటిలోంచే మనం ఎంచుకోవాలట అని బాధపడతారు. అరుపుల్లేవు, తిట్లు లేవు. రాత్రి భోజనాలయ్యాక ప్రతి ఇంట్లో జరిగే సంభాషణే.

ఆ సంభాషణకు డబ్బు పెట్టింది హెల్త్ ఇన్సూరెన్స్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా. అంటే బీమా కంపెనీల సంఘం. నిజానికి డబ్బు కట్టి ఆ ప్రకటన వేసిన చోట్లు తక్కువే. దాని మీద వార్తల్లో చర్చ మొదలయ్యాక, అందరూ అదే చూపించి చూపించి దేశమంతా తెలిసేలా చేశారు. హిల్లరీ క్లింటన్ దాన్ని బహిరంగంగా తిట్టడంతో ఇంకా పేరొచ్చింది. 1994 సెప్టెంబరు నాటికి ఆ ప్రణాళిక మూలన పడింది.

అసలు కొసమెరుపు 2009లో ఉంది. ఒబామా సంస్కరణలు తెస్తున్న రోజుల్లో అదే హ్యారీ, అదే లూయిస్, అదే నటులు మళ్లీ టీవీలోకి వచ్చారు. ఈసారి సంస్కరణ కావాలన్నారు! ఈసారి డబ్బు పెట్టింది మందుల కంపెనీల సంఘమూ, ఫ్యామిలీస్ యూఎస్ఏ అనే వినియోగదారుల సంస్థా. మొగుడూ పెళ్లాలు వాళ్లే, వంటిల్లు అలాంటిదే, మాట మాత్రం తిరగబడింది. ఎందుకంటే డబ్బు కట్టినవాళ్లు మారారు. ఇంతకన్నా తేటగా ఎవరు చెప్పగలరు?

ఆ 2009లోనే వెండెల్ పాటర్ అనే ఆయన అమెరికా సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. సిగ్నా అనే పెద్ద బీమా కంపెనీలో ప్రచార విభాగానికి అధిపతిగా పనిచేసి బయటికొచ్చిన మనిషి. 2007లో వర్జీనియాలో ఒక జాతర మైదానంలో ఉచిత వైద్య శిబిరం చూశాడట. పశువుల కొట్టాల్లో డాక్టర్లు రోగులను చూస్తుంటే, బయట వానలో జనం బారులు తీరి నిలబడ్డారు. అది చూశాక తన ఉద్యోగం మీద విరక్తి పుట్టింది. కంపెనీలు పైకి ఒక మాట అంటూ, తెర వెనక వేరే సంస్థల ద్వారా భయాలు ఎలా పుట్టిస్తాయో ఆయన బయటపెట్టాడు. ఆయన మాటకు రుజువు మరుసటి ఏడాదే దొరికింది. సంస్కరణలకు మేమూ సహకరిస్తాం అని పైకి అన్న బీమా కంపెనీల సంఘమే, వాటికి వ్యతిరేకంగా ప్రచారం చెయ్యడానికి వ్యాపారుల సంఘానికి 8.6 కోట్ల డాలర్లు ఇచ్చినట్టు 2010లో వార్తలొచ్చాయి. కెనడా వైద్యం గురించి అమెరికన్లను తప్పుదోవ పట్టించే ప్రచారంలో తనకూ భాగం ఉందని 2020లో పాటర్ క్షమాపణ కూడా చెప్పాడు.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనకండి. మనలో ఎంతమంది పిల్లలు అక్కడున్నారు! కెనడాలో వైద్యం ఉచితమే గానీ ఆర్నెల్లు ఆగాలట, అమెరికాయే నయం అని ఫోన్లో వాళ్లు చెప్పిన మాటను మనం ఇక్కడ పేరంటాల్లో చెప్పుకుంటాం. కెనడాలో కొన్ని ఆపరేషన్లకు చాలాకాలం ఆగాల్సి రావడం నిజమే. కానీ ఆ మాట పక్కనే, అమెరికాలో బీమా లేక అసలు ఆస్పత్రి గడపే తొక్కనివాళ్ల సంగతి కూడా చెప్పాలి కదా. ప్రచారం ఎక్కువగా బతికేది అబద్ధం మీద కాదు. సగం నిజం మీద. మిగతా సగం ఎవరు దాచారో చూసుకోవాలి.

మన దేశంలో మొన్నటి సంగతి చూడండి. 2017లో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం పన్ను కట్టాం. 20,000 రూపాయల పాలసీకి 3,600 పన్ను. జబ్బు వస్తుందేమోనని ముందుజాగ్రత్త పడినందుకు పన్నేమిటని అందరం గొణుక్కున్నాం. 2024 జులైలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ ఈ పన్ను తీసెయ్యమని ఆర్థికమంత్రికి ఉత్తరం రాయడంతో దేశమంతా చర్చ మొదలైంది. ఆ ఉత్తరానికి ఆధారం నాగపూర్ ఎల్ఐసీ ఉద్యోగుల సంఘం ఇచ్చిన వినతిపత్రం. చివరికి 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులూ కుటుంబాలూ తీసుకునే పాలసీల మీద పన్ను పోయింది.

అది కూడా ఒక వర్గం చేసిన ఒత్తిడే. పాలసీలు ఎక్కువ అమ్ముడైతే ఆ రంగంలో ఉన్నవాళ్లకు మంచిదే. మనకూ మంచే జరిగింది. కాబట్టి ఒత్తిడి చెయ్యడమే పాపం అని నేను అనడం లేదు. కార్మికులు చేస్తారు, రైతులు చేస్తారు, అంగన్‌వాడీ అమ్మాయిలు చేస్తారు. చెయ్యాలి కూడా. తేడా ఎక్కడంటే, ఆ ఉద్యోగుల సంఘం తన పేరుతోనే కాగితం ఇచ్చింది. ఎవరడిగారో తెలుసు, ఎందుకు అడిగారో ఊహించుకోవచ్చు. కాఫీ పేరంటంలో అలా కాదు. అడిగింది డాక్టర్ల సంఘమైతే, కనిపించింది ఇల్లాలి దస్తూరీ.

మన కాఫీ పేరంటాలు ఇప్పుడు ఫోన్లోకి వచ్చాయి. అక్కచెల్లెళ్ల గ్రూపు, అపార్టుమెంటు గ్రూపు, పాత కాలేజీ గ్రూపు. ఫలానా కంపెనీ కార్డు ఇక ఆస్పత్రుల్లో చెల్లదట అని ఒకటి వస్తుంది. దాని వెనక ఆస్పత్రులకూ బీమా కంపెనీలకూ మధ్య రేట్ల తగాదా ఉంటుంది. మనం భయపడితే ఎవరో ఒకరి బేరం బలపడుతుంది. ఆస్పత్రులన్నీ దొంగ బిల్లులే వేస్తాయి, అందుకే ప్రీమియం పెరుగుతోంది అని ఇంకొకటి. బీమా వాళ్లంతా ఎగ్గొట్టేవాళ్లే అని మరొకటి. ఆరోగ్యశ్రీ బకాయిల మీద ఆస్పత్రులు సేవలు ఆపుతామన్న ప్రతిసారీ రెండు వైపుల మాటలూ మన ఫోన్లోనే పోట్లాడుకుంటాయి. ప్రతిదాంట్లోనూ కొంత నిజం ఉంటుంది. ప్రతిదాని మొదట్లోనూ 'మా పిన్నిగారికి జరిగింది' అని ఉంటుంది. ఆ పిన్నిగారు ఎవరి పిన్నిగారో ఎవరికీ తెలియదు.

మన దగ్గరికే ఎందుకు వస్తాయంటే, ఇంట్లో ఎవరికి నలతగా ఉన్నా ముందు తెలిసేది మనకే. అత్తగారి బీపీ మాత్రలు, పిల్లల టీకాలు, ఆయన షుగరు పరీక్ష తేదీ, అన్నీ మన బుర్రలోనే ఉంటాయి. పాలసీ ఆయన పేరు మీద ఉన్నా, తీసుకుందాం అన్న మాట చాలా ఇళ్లలో మన నోటి నుంచే వస్తుంది. పైగా మన మాటను పదిమంది నమ్ముతారు. ఆ నమ్మకం మనం ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న ఆస్తి. దాన్ని ఎవరో వచ్చి ఊరికే వాడుకుని పోతుంటే చూస్తూ ఊరుకోకూడదని నా వాదన.

నేను పాటించే పద్ధతి చెప్తాను. ఏదైనా మాట వింటే ముందుగా, ఇది జనం నమ్మితే డబ్బు ఎవరికి మిగులుతుంది అని అడుగుతాను. కంపెనీకా, ఆస్పత్రికా, ప్రభుత్వానికా, నాకా? రెండోది, పేరు మార్చారా అని చూస్తాను. అవతలివాళ్లు పెట్టిన పేరు కాకుండా, ఆ పథకంలో ఎవరు కడతారు, ఎవరికి ఇస్తారు, ఏ జబ్బుకు ఎంత ఇస్తారు అని సాదా మాటల్లో చెప్పుకుంటే భయం సగం తగ్గుతుంది. మూడోది, ఇందులో ఎవరు కనబడటం లేదు అని వెతుకుతాను. హ్యారీ, లూయిస్ బల్ల మీద బీమా కాగితాలున్నాయి. బీమాయే లేని ఇంటి బల్ల ఆ ప్రకటనలో ఎక్కడా లేదు. మన ఫార్వర్డుల్లోనూ అంతే. పాలసీ ఉన్నవాళ్ల కష్టాలే తిరుగుతాయి. మనింట్లో పనిచేసే అమ్మాయికి కార్డు ఉందో లేదో, ఉంటే ఏ ఆస్పత్రిలో పనిచేస్తుందో ఏ ఫార్వర్డులోనూ ఉండదు. అది తెలుసుకోవాలంటే ఆ అమ్మాయినే అడగాలి.

ఈ మూడూ అడిగితే అన్నీ తేలిపోతాయని కాదు. ఆరోగ్య బీమా ప్రభుత్వం నడపాలా, కంపెనీలు నడపాలా, రెండూ కలిసి నడపాలా అన్నదాని మీద చదువుకున్నవాళ్ల మధ్యే తేడాలున్నాయి. మన మధ్యా ఉండొచ్చు. ఉండనివ్వండి. మీరు అటు, నేను ఇటు అయినా ఫరవాలేదు. కాకపోతే ఆ అభిప్రాయం మన అనుభవంలోంచి, మన లెక్కలోంచి రావాలి. మనింటి బిల్లులు చూసి, పక్కింటి కష్టం చూసి, నాలుగు పేపర్లు చదివి వచ్చినదైతే అది తప్పయినా మనదే. ఇంకొకరి రికార్డు విని, మన దస్తూరీతో రాసిచ్చినదైతే, అది ఒప్పయినా మనది కాదు.